అభిషేకం: నీళ్లు పోయడమా, నూనె రాయడమా?

శ్రీశైలంలో మల్లికార్జునుడికి జరిగేది అభిషేకం. భద్రాచలంలో సీతారాముల కల్యాణం మర్నాడు జరిగేది పట్టాభిషేకం. పథకం ప్రకటించిన నాయకుడి ఫ్లెక్సీకి కార్యకర్తలు చేసేది పాలాభిషేకం. క్రైస్తవ ప్రార్థన సభల్లో తరచు వినిపించేది ఆత్మాభిషేకం. 2023 మే 6న లండన్‌లో మూడవ చార్లెస్‌కు జరిగిన వేడుకను కూడా తెలుగు పత్రికలు పట్టాభిషేకమనే రాశాయి. ఈ సందర్భాలలో కొన్నిచోట్ల నీళ్లున్నాయి, ఒకచోట పాలున్నాయి, ఒకచోట నూనె ఉంది, ఇంకొకచోట కంటికి కనిపించే ద్రవమేదీ లేదు. అయినా మాట ఒక్కటే. ఇంగ్లీషు బైబిల్‌లోని ‘అనాయింట్’ అనే క్రియకు తెలుగులో ‘అభిషేకించు’ అని సమానార్థకం స్థిరపడటంతో చిక్కు మరింత పెరిగింది. ఆ ఇంగ్లీషు మాటకు మూలార్థం నూనె పూయడం. అభిషేకానికి మూలార్థం అది కాదు.

సంక్షిప్తంగా చెప్పాలంటే, సంస్కృతంలో ఈ పనులకు రెండు వేర్వేరు ధాతువులు, అంటే క్రియామూలాలు, ఉన్నాయి. పోయడానికి ‘సిచ్’, పూయడానికి ‘అంజ్’. మొదటిదాని నుంచి అభిషేకం వచ్చి రాజుల దగ్గరికి, దేవుళ్ల దగ్గరికి వెళ్లింది. రెండవదాని నుంచి అభ్యంగనం వచ్చి వైద్యంలోనూ పండగపూట తలంటులోనూ నిలిచింది. పశ్చిమాసియాలో రాజులకు, యాజకులకు పట్టం నూనెతో జరిగేది. ఆ గ్రంథాలను తెలుగులోకి తెచ్చినప్పుడు అనువాదకులు నూనె మాటను పక్కనబెట్టి నీళ్ల మాటను తీసుకున్నారు. ఆ ఎంపిక ఎలా జరిగింది, దానివల్ల తెలుగులో ఏం మారింది అన్నది ఈ వ్యాస విషయం.

సిచ్: పోసే ధాతువు

సంస్కృత ధాతువుల జాబితా అయిన ధాతుపాఠం ‘షిచ క్షరణే’ అని చెబుతుంది. క్షరణం అంటే కారడం, జాలువారడం. ‘అభి’ అనే ఉపసర్గ ‘వైపు, మీదికి’ అనే అర్థాన్నిస్తుంది. కనుక అభిషేకం అంటే ఒకరిమీదికి ద్రవాన్ని జాలువార్చడం. మూలంలో ఉన్నది ‘సేకం’ అయితే ‘షేకం’ ఎలా అయిందన్న ప్రశ్నకు సమాధానం సంధిలో ఉంది. ఇకారంతో ముగిసే ఉపసర్గ తర్వాత ఈ ధాతువులోని సకారం షకారమవుతుంది. ‘వి’ చేరినప్పుడు ‘సమం’ విషమమైనట్టే ఇదీ. అదే ధాతువుకు ‘ఉత్’ చేరితే ఇకారం లేదు గనుక సకారం చెక్కుచెదరదు, ఉత్సేకం అవుతుంది. పైకి పొంగడం దాని మొదటి అర్థం, గర్వం తర్వాత వచ్చిన అర్థం. ‘ని’ చేరితే నిషేకం. పెళ్లి తర్వాతి గర్భాధాన సంస్కారానికి తెలుగు పంచాంగాలు నేటికీ వాడే మాట అదే. లోపలికి పోయడం, పైకి పొంగడం, మీదికి పోయడం అన్న మూడూ ఒకే క్రియ నుంచి పుట్టాయి.

ఈ కుటుంబంలో ఎక్కడా నూనె లేదు. ద్రవం ఏదైనా కావచ్చు, పని మాత్రం పై నుంచి కిందికి జారేలా చేయడమే. ఇండో-యూరోపియన్ భాషల్లోని జ్ఞాతి పదాలు, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు, కూడా దీన్నే చూపుతాయి. జర్మన్ భాషలో ఈ ధాతువుకు జ్ఞాతి అయిన ‘జైయెన్’ అనే క్రియకు అర్థం వడగట్టడం.

పదిహేడు రకాల నీళ్లు

అభిషేకం రాజుల మాటగా స్థిరపడింది వేదకాలపు రాజసూయంలో. ఆ క్రతువులో ఒక రోజుకు ‘అభిషేచనీయం’ అనే పేరే ఉంది. దాని కోసం సమకూర్చవలసిన పదిహేడు రకాల ద్రవాలను శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథం ఒక్కొక్కటిగా చెబుతుంది. సరస్వతీ నది నీళ్లు, ప్రవాహానికి ఎదురు నడిచే నీళ్లు, సుడిగుండంలోని నీళ్లు, ఎండ కాస్తుండగా కురిసిన వాన నీళ్లు, చెరువు నీళ్లు, బావి నీళ్లు, మంచు బిందువులు ఆ జాబితాలో ఉన్నాయి. ఈనుతున్న ఆవు ఉమ్మనీరు, తేనె, పాలు, నెయ్యి కూడా ఉన్నాయి. కొవ్వు పదార్థం నెయ్యి రూపంలో అందులో ఉన్నప్పటికీ అది పదిహేడింటిలో ఒకటి మాత్రమే, ఎక్కువ భాగం నీళ్లే. రాజు పులిచర్మం మీద తూర్పుముఖంగా నిలబడితే మోదుగ, మేడి, మర్రి, రావి కర్రలతో చేసిన నాలుగు పాత్రలతో నలుగురు ఆ నీళ్లు పోస్తారు. పురోహితుడు, రాజు సొంత బంధువు, మిత్రుడైన క్షత్రియుడు, వైశ్యుడు ఆ నలుగురు.

ఈ ఏర్పాటులో రాజ్యతంత్రం దాగి ఉంది. రాజ్యంలోని నానా జలాలను ఒకచోట చేర్చి, సమాజంలోని వేర్వేరు వర్గాల చేతులమీదుగా ఒక మనిషి తలమీద పోస్తే, ఆ భూమీ ఆ వర్గాలూ కలిసి అతణ్ని అంగీకరించినట్టు. ఎవరు పోస్తున్నారన్నది ఏం పోస్తున్నారన్నంత ముఖ్యమైనది. వాల్మీకి రామాయణం యుద్ధకాండ చివర రాముడి పట్టాభిషేకానికి వానర వీరులు నాలుగు సముద్రాల నీళ్లు, ఐదువందల నదుల నీళ్లు కుండలతో తెచ్చారని చెప్పడంలో ఇదే తర్కం ఇంకా పెద్ద కొలతలో కనిపిస్తుంది. వసిష్ఠాదులు రాముణ్ని ‘ప్రసన్నమూ సుగంధభరితమూ అయిన సలిలంతో’ అభిషేకించారని అక్కడి మాట. సలిలం అంటే నీరే, తైలం కాదు. అమరకోశం క్షత్రియుడికి ఇచ్చిన పర్యాయపదాలలో ‘మూర్ధాభిషిక్తుడు’ మొదటిది. మూర్ధం అంటే తల. తలమీద నీళ్లు పడటమే ఆ వర్గానికి గుర్తింపుగా మారిందన్నమాట.

వైదిక క్రతువుల్లో నూనె వంటి పూతకు చోటు లేకపోలేదు. అది మరో దశలో వస్తుంది. సోమయాగానికి దీక్ష తీసుకునే యజమాని శరీరానికి వెన్న పూస్తారు, కళ్లకు కాటుక పెడతారు. ఐతరేయ బ్రాహ్మణం దీనికి ఒక వివరణ ఇస్తుంది. ఆజ్యం, అంటే కరిగిన నెయ్యి, దేవతలది, సువాసన గల నెయ్యి మనుషులది, సగం కరిగిన నెయ్యి పితృదేవతలది, వెన్న గర్భస్థ శిశువులది. దీక్ష పొందేవాడు మళ్లీ పుట్టబోతున్నాడు గనుక అతనికి వెన్న తగినది. ఇక్కడి క్రియ సిచ్ కాదు, అంజ్. పూత శరీరాన్ని సిద్ధం చేస్తుంది, పోత అధికారాన్ని ఇస్తుంది. రెండు పనులకూ రెండు మాటలు అప్పటికే విడివిడిగా ఉన్నాయి.

అయితే రాజసూయంలో ఒక చిన్న ఘట్టం ఈ గీతను కొంచెం చెరిపేస్తుంది. ఒంటిమీద పడిన అభిషేక జలాన్ని రాజు కృష్ణమృగం కొమ్ముతో తన శరీరమంతా పులుముకుంటాడు. పోసినదే చివరికి పూతగా మారుతుంది.

పట్టం ఎక్కడిది

తెలుగువాళ్లు ‘రాజ్యాభిషేకం’ కన్నా ‘పట్టాభిషేకం’ అనే మాటకే ఎక్కువ అలవాటుపడ్డారు. ఇది నిజానికి రెండు వేడుకలను కలిపిన మాట. పట్టం అంటే నుదుటికి కట్టే పట్టీ. వరాహమిహిరుడి బృహత్సంహితలో పట్టాల లక్షణాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయముంది. మధ్యభాగంలో రాజు పట్టం వెడల్పు 8 అంగుళాలు, పట్టమహిషిది 7, యువరాజుది 6, సేనాపతిది 4, రాజు మెచ్చి ఇచ్చే ప్రసాదపట్టానిది 2 అని అందులో ఉంది. ఆ అంగుళం వేలి వెడల్పు, నేటి ఇంచి కాదు. దక్కను రాజవంశాల శాసనాల్లో ‘పట్టబంధం’ స్వతంత్రమైన ఉత్సవంగానే కనిపిస్తుంది. రాష్ట్రకూట మూడవ ఇంద్రుడు 915లో పట్టబంధోత్సవానికి కురుందకం వెళ్లాడని అతని తామ్రశాసనాలు చెబుతున్నాయి.

నీళ్లు పోయడం, పట్టం కట్టడం ఒకే రోజున జరగడంతో మాటలు అతుక్కున్నాయి. తర్వాత తెలుగులో అవి మళ్లీ విడిపోయి వేర్వేరు దారులు పట్టాయి. ఎన్నికల ఫలితాల రోజున ‘ఓటర్లు ఫలానా పార్టీకి పట్టం కట్టారు’ అని రాస్తారే గాని ‘అభిషేకించారు’ అని ఎవరూ రాయరు. విశ్వవిద్యాలయం డిగ్రీ ఇస్తే పట్టభద్రులవుతారు. లౌకికమైన అధికారానికి పట్టం, పవిత్రమైన అధికారానికి అభిషేకం అన్న పంపకం ఎవరూ ప్రకటించకుండానే జరిగిపోయింది.

గుడిలో మూడు మాటలు

రాజు స్థానంలో దేవుణ్ని, దేవుడి స్థానంలో రాజును నిలపడం ఆలయ వ్యవస్థ పొడవునా ఉన్నదే. కొలువు, ఆస్థానం, సేవ వంటి మాటలన్నీ రాజభవనానికీ గుడికీ ఉమ్మడివి. అభిషేకం కూడా అలాగే గుడికి చేరింది, కాని అక్కడ దాని పని మారింది. రాజుకు అభిషేకం సాధారణంగా ఒక్కసారి, అది అతణ్ని రాజును చేస్తుంది. దేవుడికి అభిషేకం నిత్యం, అది ఆయన్ను కొత్తగా ఏమీ చేయదు. ఉపచారంగా, స్నానంగా మిగులుతుంది. శివాలయాల్లో తైత్తిరీయ సంహితలోని నమక చమకాలు చదువుతూ ధారగా నీళ్లు పోయడం ఇందుకు తెలిసిన రూపం. శివుడు అభిషేకప్రియుడు, విష్ణువు అలంకారప్రియుడు అన్న నానుడి అందరికీ తెలిసినదే.

అలాగని వైష్ణవాలయాల్లో అభిషేకం లేదనుకోకూడదు. అక్కడ మాట తరచు వేరుగా ఉంటుంది. ‘తిరుమంజనం’ అనే తమిళ వైష్ణవ పదంలోని మంజనం సంస్కృత ‘మజ్జనం’ నుంచి వచ్చింది. అంటే మునక, స్నానం. ఏడాదికి నాలుగుసార్లు, ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశులకు ముందు తిరుమలలో జరిగే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనంలో స్నానం చేసేది విగ్రహం కాదు, గుడి. పత్రికల్లో ఈ వార్త వచ్చిన ప్రతిసారీ కొందరు పాఠకులు తికమకపడటానికి కారణం ఇదే. మూడవ మాట సంప్రోక్షణ. అది ‘ఉక్ష్’ అనే మరో ధాతువు నుంచి వచ్చింది, అర్థం చిలకరించడం. పునర్నిర్మించిన యాదాద్రి ఆలయంలో 2022 మార్చి 28న జరిగినది మహాకుంభ సంప్రోక్షణ. శైవ సంప్రదాయంలో అదే వరుస కార్యానికి కుంభాభిషేకమన్న పేరు వాడుకలో ఉంది. పోయడం, ముంచడం, చిలకరించడం అన్న మూడు క్రియలకు మూడు మాటలు. వాడుకలో మాత్రం అభిషేకం మిగతా రెండింటినీ మింగేస్తోంది.

పూత విషయానికొస్తే రెండు క్షేత్రాలు మంచి ఉదాహరణలు. తిరుమలలో శుక్రవారం మూలవిరాట్టుకు అభిషేకం జరిగాక పునుగు తైలం, అంటే పునుగు పిల్లి నుంచి వచ్చే సుగంధ తైలం, పూస్తారు. సింహాచలంలో ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండే స్వామికి వైశాఖ శుద్ధ తదియనాడు ఆ చందనం ఒలిచి, భక్తులకు నిజరూప దర్శనం కల్పించి, గంగధార నీళ్లతో సహస్ర ఘటాభిషేకం చేసి, మళ్లీ పూత మొదలుపెడతారు. ఆ పూత నాలుగు విడతలుగా, విడతకు మూడు మణుగుల చొప్పున సాగుతుంది. రెండు చోట్లా పోతా పూతా ఒకదాని వెంట ఒకటి వచ్చినా మాటలు కలిసిపోలేదు. పునుగు తైలాన్ని ఎవరూ అభిషేకమనరు, చందనాన్ని సమర్పణమంటారు. తెలుగు వాడుక ఈ తేడాను ఎంత పట్టుగా నిలుపుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ద్రవం లేని అభిషేకం

నీళ్ల స్థానంలోకి పాలు, పెరుగు, తేనె, నెయ్యి, పండ్లరసం రావడం పంచామృతాభిషేకంతోనే మొదలైంది. శ్రవణబెళగొళలో పన్నెండేళ్లకొకసారి బాహుబలి మహామస్తకాభిషేకంలో 57 అడుగుల విగ్రహం మీద పాలు, చెరకురసం, పసుపు నీళ్లు, గంధపు నీళ్లు వరుసగా జారుతాయి. గత మహామస్తకాభిషేకం 2018లో జరిగింది. తర్వాతి మెట్టులో ద్రవమే మాయమైంది. విజయనగరంలో ప్రౌఢదేవరాయల ముత్యాలశాలలో శ్రీనాథుడికి జరిగినది కనకాభిషేకం. ఆ సన్మానాన్ని కవి తన పద్యంలో దీనార టంకాలతో తీర్థమాడించడంగా చెప్పుకున్నాడు. నాణేలు కారవు, కాని తలమీది నుంచి రాలుతాయి. క్రియకు కావలసింది పై నుంచి కిందికి కదలిక మాత్రమేనని దీన్నిబట్టి అర్థమవుతుంది. పుష్పాభిషేకం కూడా ఈ దారిలోదే.

రాజకీయ పాలాభిషేకంలో మారింది ద్రవం కాదు, పోయించుకునే వస్తువు. ఇక్కడ తలమీద పోయడానికి తల లేదు, ఫ్లెక్సీ ఉంది. సినిమా విడుదల రోజుల్లో కటౌట్లకు పాలు పోసే అలవాటు, గుడిలోని క్షీరాభిషేకం కలిసి దీనికి మూసగా పనిచేశాయి. రాజసూయంలో అభిషేకం ముందు, అధికారం తర్వాత. ఫ్లెక్సీ విషయంలో అధికారం ముందు, పథకం తర్వాత, అభిషేకం చిట్టచివర. అధికారమిచ్చే చర్య కృతజ్ఞత తెలిపే చర్యగా తలకిందులైంది. నాలుగు వర్గాలు నాలుగు పాత్రలతో పోయడంలోని షరతు ఇందులో లేదు.

అంజ్: పూసే ధాతువు

ధాతుపాఠంలో ‘అంజూ’ అనే ధాతువుకు నాలుగు అర్థాలు వరుసగా ఉన్నాయి. వ్యక్తి, మ్రక్షణం, కాంతి, గతి. ఇక్కడ వ్యక్తి అంటే స్పష్టంగా కనబడటం, మ్రక్షణం అంటే పూయడం. పూత పూస్తే మెరుస్తుంది, మెరిస్తే స్పష్టంగా కనబడుతుంది. మొదటి మూడు అర్థాలను కలిపే తీగ ఇదే కావచ్చు. కంటికి పూసే అంజనం, ఏ పూతా అంటని నిరంజనుడు, అన్నానికి రుచి చేర్చే వ్యంజనం, అక్షరమాలలోని వ్యంజనం, వ్యక్తం, అభివ్యక్తి, చివరికి ‘వ్యక్తి’ కూడా ఈ ధాతువు సంతానమే. అభ్యంజనం, అభ్యంగం అన్నవి నూనె పూతకు దాని నుంచి పుట్టిన రెండు రూపాలు. తెలుగులో వాడే ‘అభ్యంగనం’ ఆ రెండింటి పోలికలనూ పుణికిపుచ్చుకుంది. అందులో ‘అంగం’ వినిపించడం వల్ల ఒంటికి చేసేది గనుక అభ్యంగనమని కొందరు చెప్పే వ్యుత్పత్తి వినసొంపుగా ఉంటుంది గాని, సంప్రదాయ వ్యుత్పత్తి అంజ్ నుంచే.

ఈ ధాతువుకు లాటిన్‌లో జ్ఞాతి ‘ఉంగువెరె’, అర్థం నూనె పూయడం. ఫ్రెంచి మీదుగా అదే ఇంగ్లీషులోకి ‘అనాయింట్’గా, ‘ఆయింట్‌మెంట్’గా చేరింది. స్విస్ జర్మన్‌లో వెన్నను ‘ఆంకె’ అంటారు, అదీ ఈ కుటుంబమే. అంటే ఇంగ్లీషు ‘అనాయింట్’కు భాషాశాస్త్రపరంగా సొంత అన్నదమ్ముడు అభ్యంగనం. అభిషేకం పరాయి ఇంటిది.

ఆయుర్వేదం ఈ రెండు ధాతువుల తేడాను సాంకేతికంగా నిలబెట్టింది. అష్టాంగహృదయం తలకు నూనె వాడే పద్ధతులు నాలుగని చెబుతూ అభ్యంగం, సేకం, పిచువు, బస్తి అని వాటి పేర్లిచ్చింది. చేత్తో పూస్తే అభ్యంగం, ధారగా పోస్తే సేకం, దూదిలో ముంచి పెడితే పిచువు, తలచుట్టూ కట్టి నిలవ ఉంచితే బస్తి. నూనె ఒక్కటే, పేరును నిర్ణయించింది చేసే పని.

అచ్చ తెలుగు కూడా ఈ లెక్క తప్పలేదు. తలంటులో ‘అంటు’ అంటే తాకేలా పూయడం. కాని వాడుకలో ‘తలంటి పోశారు’ అంటారు, ‘తలంటు పోసుకున్నారు’ అంటారు. నూనె అంటడం, నీళ్లు పోయడం అన్న రెండు పనులూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. నరకచతుర్దశి తెల్లవారుజామున జరిగేది శాస్త్రభాషలో అభ్యంగన స్నానం, ఇంటిభాషలో తలంటు. ముందు పూత, తర్వాత పోత అన్న వరుస వైదిక క్రతువులోనూ దీపావళి పొద్దున పెరట్లోనూ ఒకటే.

మెస్సీయ అనే మాట

పశ్చిమాసియాలో కథ వేరు. క్రీ.పూ. 14వ శతాబ్దపు అమర్నా పలకలలో, అంటే ఈజిప్టులో దొరికిన మట్టిపలకల లేఖలలో, సిరియా ప్రాంతపు నుహష్షె పాలకుడు రాసిన లేఖ ఒకటుంది. ఈజిప్టు ఫరో తన తాతను రాజుగా నియమించి అతని తలమీద నూనె పోశాడని అందులో గుర్తుచేశాడు. హీబ్రూలో ఈ చర్యకు క్రియ ‘మషఖ్’. దాని నుంచి వచ్చినదే ‘మషియఖ్’, మెస్సీయ. మషఖ్ మొదట పవిత్రమైన మాటేమీ కాదు. రొట్టెలకు నూనె రాయడానికీ, డాళ్లకు చమురు పట్టించడానికీ, గోడకు రంగు పూయడానికీ హీబ్రూ బైబిల్‌లో అదే క్రియ కనిపిస్తుంది. అరబ్బీలో దీని తోబుట్టువైన ‘మసహ’కు అర్థం తుడవడం, నిమరడం. నమాజుకు ముందు వుజూ (నీళ్లతో శుద్ధి) చేసేటప్పుడు తడి చేత్తో తలను నిమరడాన్ని ‘మసహ్’ అంటారు. ఉర్దూ ‘మసీహా’ కూడా ఈ ధాతువుదే.

బైబిల్‌లోని నిర్గమకాండం 30వ అధ్యాయంలో అభిషేకతైలం కొలతలున్నాయి. గోపరసం 500 తులాలు, లవంగిపట్ట అందులో సగం, సుగంధపు వస 250, మరో జాతి లవంగిపట్ట 500, ఒలీవ నూనె ఒక హిన్. హిన్ ద్రవాల కొలత, తెలుగు పాఠంలో తులం అన్నది హీబ్రూలో షెకెల్ అనే తూకం. ఆ నూనెను మామూలు మనుషుల ఒంటికి రాయకూడదన్న నిషేధం కూడా అక్కడే ఉంది. ఎండ మండే నేలలో ఒలీవ నూనె పూసుకోవడం దినచర్య గనుక, దినచర్యనూ పవిత్రచర్యనూ విడదీయాలంటే నిషేధం అవసరమైంది. ఇక్కడ నీళ్లకు రాజ్యార్థం వచ్చినట్టే అక్కడ నూనెకు వచ్చింది.

క్రీ.పూ. 3, 2 శతాబ్దాలలో హీబ్రూ గ్రంథాలను గ్రీకులోకి తెచ్చినవారు మషియఖ్‌ను ‘ఖ్రిస్తోస్’ అన్నారు. ‘ఖ్రియో’ అంటే పూయడం, రుద్దడం. యూదు నేపథ్యం తెలియని గ్రీకు చెవికి ఖ్రిస్తోస్ ‘పూత పూసినది’ అన్నట్టే వినిపించేది, రాజరికపు ధ్వని అందులో ఉండేది కాదు. అందువల్లే కావచ్చు, ఆ మాట బిరుదుగా కాక పేరుగా త్వరగా స్థిరపడింది. క్రీస్తు అనే రూపంలో అది తెలుగుకు చేరింది.

తెలుగు అనువాదకుల పంపకం

తెలుగులో బైబిల్ అనువాదం 18వ శతాబ్దంలో జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్‌తో మొదలైంది, అయితే అతని పాఠం అచ్చుకు నోచుకోలేదు. సువార్తలు మొదట 1812లో బెంగాలులోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఈనాడు ప్రొటెస్టెంటు సంఘాలలో విస్తృతంగా చదివే పాఠాన్ని చూస్తే అనువాదకులు ఎదుర్కొన్న సమస్య, దాన్ని తీర్చిన తీరు రెండూ కనిపిస్తాయి.

సమస్య ఇది. మెస్సీయను మూలార్థంతో తెలుగు చేస్తే ‘నూనె పూసినవాడు’ అవుతుంది, దానికి ఏ గౌరవమూ లేదు. ‘అభ్యంగితుడు’ అంటే తలంటు పోసుకున్నవాడనిపిస్తుంది. తెలుగు చెవికి అధికారం, పవిత్రత, నియామకం మూడూ ఒకేసారి వినిపించే మాట అభిషిక్తుడు. అందుకే యోహాను సువార్తలో ‘మెస్సీయ అను మాటకు అభిషిక్తుడని అర్థము’ అని ఉంది. ద్రవాన్ని వదులుకుని హోదాను నిలబెట్టిన ఎంపిక ఇది. దీనికి మూలంలోనే కొంత ఊతం ఉంది. యాజకుడైన అహరోను నియామకంలో నూనె ‘తలమీద పోసి’ అభిషేకించాలని నిర్గమకాండం చెబుతుంది. రాజైన సౌలు విషయంలోనూ సమూయేలు ప్రవక్త అతని తలమీద తైలం పోస్తాడు. నూనె అయినా తలమీద పోస్తున్నారు గనుక సిచ్ ధాతువు పూర్తిగా పొసగనిదేమీ కాదు.

అసలు విశేషం అభిషేకమని రాయని చోట్ల ఉంది. గ్రీకులో మామూలు నూనె పూతకు ఖ్రియో కాక ‘అలెయిఫో’ అనే క్రియ వాడతారు. లూకా 7వ అధ్యాయంలో ఆ క్రియ వచ్చినచోట తెలుగులో ‘నూనెతో నా తల అంటలేదు’, ‘అత్తరు పూసెను’ అని ఉంది. యాకోబు పత్రికలో (బైబిల్‌లోని లేఖ) రోగికి ‘నూనె రాచి’ ప్రార్థించాలని ఉంది. మూలంలో ఖ్రియో ఉన్న లూకా 4వ అధ్యాయంలో మాత్రం ‘ఆయన నన్ను అభిషేకించెను’. ఇరవైమూడవ కీర్తనలో హీబ్రూ క్రియ మషఖ్ కాదు, నూనెతో జిడ్డుగా, నిగనిగలాడేలా చేయడమనే అర్థమున్న మరొకటి. ఇంగ్లీషులో అక్కడ కూడా ‘అనాయింట్’ అనే చదువుతారు. తెలుగులో ‘నూనెతో నా తల అంటియున్నావు’ అని ఉంది. ఇంటికొచ్చిన అతిథికి విందుకు ముందు జరిగే మర్యాదను తలంటు ఎంత సరిగ్గా పట్టిందో చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు ఒకే మాటతో కప్పేసిన తేడాను తెలుగు బయటపెట్టింది. ప్రతి వాక్యంలోనూ ఈ నియమం అలాగే నిలిచిందని కాదు, ప్రధాన ధోరణి మాత్రం ఇది.

కథోలిక సంప్రదాయం ఇంకో దారి తొక్కింది. ఆ సంఘపు తెలుగులో బాప్తిస్మం పొందినవారిని విశ్వాసంలో స్థిరపరిచే దృఢీకరణ సంస్కారం ‘భద్రమైన అభ్యంగనము’, మరణావస్థలో ఉన్నవారికి జరిగేది ‘అవస్థ అభ్యంగనము’. లాటిన్‌లో రెండవదాని పేరులోని ‘ఉంక్తియో’ పైన చెప్పిన ఉంగువెరె నుంచి వచ్చినదే. వేల ఏళ్ల కిందట విడిపోయిన రెండు జ్ఞాతి పదాలు తెలుగు ప్రార్థనా పుస్తకంలో ఒకదానికొకటి అనువాదాలై ఎదురుపడ్డాయి. యాజక నియామకాన్ని మాత్రం ఆ సంఘం గురుపట్టం అంటుంది, ఆ వేడుక గురుపట్టాభిషేకం. దక్కను రాజుల నుదుటి పట్టీ అలా గుడిబయట మరో చోటికి చేరింది.

ఇటీవలి కాలంలో ప్రార్థన కూటాల భాషలో అభిషేకం మరో అడుగు వేసింది. ‘అభిషేకం గల ప్రసంగం’, ‘అభిషేకం దిగింది’ వంటి ప్రయోగాల్లో అది చర్య కాదు, ఒకరిలో ఉండే శక్తి. పోసేవారు, పోయించుకునేవారు, ద్రవం అన్నవేవీ లేకుండా నామవాచకం ఒంటరిగా నిలబడింది. పాత వాడుకలో అభిషేకం ‘చేస్తారు’ లేదా ‘జరుగుతుంది’. ఇప్పుడు అది ‘ఉంటుంది’.

తెర వెనుక నూనె

ఈ మాటల తికమక లండన్ వేడుకలో ఒకేచోట పోగుపడింది. తెలుగులో పట్టాభిషేకం అన్నారు గాని అక్కడ పట్టం లేదు, కిరీటముంది. నీళ్లు పోయడం లేదు, చేతులకు, ఛాతీకి, తలకు నూనె పూయడముంది. కిరీటధారణను ప్రపంచమంతా టీవీలో చూసింది. నూనె పూతను మాత్రం తెర అడ్డం పెట్టి కెమెరాలకు కనబడకుండా చేశారు, ఆ క్రతువులో అన్నిటికన్నా పవిత్రమైనదిగా దాన్ని భావిస్తారు గనుక. అంటే తెలుగు మాటలో రెండో సగానికి సాటిరాగల ఒకే ఒక్క ఘట్టం ఎవరి కంటా పడలేదు. ఆ నూనెను జెరూసలెంలో ఒలీవల కొండ మీది కాయల నుంచి తీసి, 2023 మార్చి 3న అక్కడి పవిత్ర సమాధి చర్చిలో ప్రతిష్ఠించారు. అందులో నువ్వులు, గులాబీ, మల్లె, దాల్చినచెక్క సారాలు కలిపారు. జంతు సంబంధమైన పదార్థాలు లేకుండా చేశామని నిర్వాహకులు చెప్పారు. అంతకుముందు వాడుకలో ఉన్న మిశ్రమంలో తిమింగలం నుంచి వచ్చే అంబరుతోపాటు పునుగు కూడా ఉండేదని అప్పటి వార్తా కథనాలు రాశాయి. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక మూలవిరాట్టుకు పూసేది ఆ పునుగు తైలమే.